మూడు మీటర్ల పెళ్ళిచూపులు

ఇలా దగ్గరికి జరగండి. సోఫాలో అంత దూరంగా కూర్చుంటే నా గొంతు హీటర్ చప్పుడులో కలిసిపోతుంది. కింద దుప్పటి పరిచాను, కాళ్ళు చాపుకుని దానిమీద కూర్చోండి. చెప్పబోయేది మా ఇంటి పెళ్ళిచూపుల సంగతి. పిల్ల తల వంచుకుని కాఫీ కప్పులు తేవడం, ఒక పాట పాడమ్మా అనడం ఇందులో లేవు. తడిసిన అడవి ఉంది, బురద ఉంది, చేతిలో పట్టే జీపీఎస్ యంత్రం ఒకటి ఉంది, దాన్ని పట్టుకుని తిరిగిన మహా మేధావి ఒకడున్నాడు.

మేముండేది కెనడాలోని ఈ సార్నియాలో. మా ఆయన ఇక్కడి కెమికల్ ప్లాంట్లలో వెల్డింగ్ పని చేసి రిటైరయ్యారు. మా చెల్లెలి కూతురు ఈ ఊరి కాలేజీలో చదువుకోవడానికి వచ్చి, మా ఇంట్లోనే ఉండిపోయింది. చదువు అయిపోయాక ఇక్కడే ఒక ప్లాంట్‌లో ఉద్యోగం వచ్చింది. ట్యాంకులకీ గొట్టాలకీ ఉండే గేజ్‌లు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో పరీక్షించి, తేడా ఉంటే సరిచేయడం దాని పని. నన్ను పెద్దమ్మా అంటుంది, ఆయన్ని పెదనాన్నా అంటుంది. కన్నవాళ్ళు ఇండియాలో ఉన్నారు కాబట్టి ఇక్కడ ఆడపెళ్ళివారమంటే మేమిద్దరమే.

మిస్సిసాగాలో తెలిసినావిడ ఒకావిడ ఈ సంబంధం చెప్పింది. అబ్బాయి అమెరికాలో కొన్నేళ్ళు చేసి ఇటు వచ్చాడు. సాఫ్ట్‌వేర్. సొంత కాండో ఫ్లాటు ఉంది, ఇక్కడే స్థిరపడేందుకు పీఆర్ కూడా చేతికొచ్చింది. ఫోటోలో నవ్వు మొహమే. మా చెల్లెలూ మరిదీ ఆ ఫోటో చూసిన రోజు నుంచే ఫంక్షన్ హాల్ గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. పిల్ల మాత్రం, "మనిషిని ఒకసారి చూస్తాను, ఆ తర్వాత అవునో కాదో నేనే చెప్తాను" అంది. అవునంటే ఆ నెలలోనే నిశ్చితార్థం. కాదంటే నా చెల్లెలి ఏడుపు నేను వినాలి. అసలు భయం అది కాదు. మొహమాటానికి పోయి అవుననేస్తే బతుకంతా ఆ మనిషితో గడపాల్సింది అదే కదా. నాకున్న గుబులల్లా అదే.

మా ఆయనకు వేరే గుబులు. ఆయన దృష్టిలో మగపెళ్ళివారంటే గుమ్మంలోకి నడిచొచ్చిన దేవుళ్ళు. వాళ్ళు పప్పులో ఉప్పు లేదంటే ఉప్పు డబ్బాకే ఉప్పు లేదని ఒప్పుకోవాలి. ముందురోజే నాకు పాఠం చెప్పారు.

"చూడు, నీ నోరు కాస్త అదుపులో పెట్టుకో. అబ్బాయి ఏమన్నా 'అవునండీ' అను."

"పగలే చుక్కలు కనబడుతున్నాయంటే?"

"ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు."

సరే, వచ్చారు. అబ్బాయీ, విజిట్ మీద వచ్చిన వాళ్ళమ్మగారూ. ఆవిడ కుర్చీలో కూర్చోకముందే మొదలుపెట్టింది.

"వదినగారూ, మావాడి నోట అబద్ధం రాదు, లెక్క తప్పదు. చిన్నప్పుడు స్కూల్లో టీచర్లే వీణ్ణి అడిగి తెలుసుకునేవారు."

నేను, "అవునండీ" అన్నాను. మా ఆయన నా వైపు మెచ్చుకోలుగా చూశారు.

అబ్బాయి పెసరట్టు తింటున్నంతసేపూ పళ్ళెం పక్కన ఒక యంత్రం పెట్టుకున్నాడు. టీవీ రిమోట్‌కి ఒళ్ళొస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. మధ్యమధ్యలో దాన్ని తిప్పి చూసుకుంటున్నాడు. తిన్నాక చేతులు తుడుచుకుని అన్నాడు.

"ఆంటీ, ఇలా ఎదురెదురుగా కూర్చుని ఇంటర్వ్యూలాగా ఎందుకు? బయటికి వెళ్దాం. మీ లేక్ దగ్గర అడవిలో ఒక జియోకాష్ ఉంది. నేను ఫైండ్ చేస్తాను, మీరంతా చూద్దురుగాని."

అదేమిటని అడిగాను. ఎవరో ఒకరు ఎక్కడో ఒక డబ్బా దాచి, అది భూమి మీద ఏ చోట ఉందో చెప్పే కోఆర్డినేట్స్ అనే అంకెల్ని ఇంటర్నెట్‌లో పెడతారట. మిగతావాళ్ళు ఆ అంకెల్ని ఇలాంటి యంత్రంలో వేసుకుని వెతుక్కుంటూ వెళ్ళాలట. దొరికితే లోపలున్న కాగితం మీద పేరు రాసి, డబ్బాని ఎక్కడ తీశారో అక్కడే పెట్టేయాలట. ఇంతే. పెద్దవాళ్ళు ఆడుకునే దాగుడుమూతలు. ఆటలో నాకేమీ తప్పు కనబడలేదు. ఇంట్లో కూర్చుని స్టాక్ మార్కెట్ చూసుకోవడం కన్నా నయమే అనుకున్నాను. పిల్ల కూడా, "వెళ్దాం, నడుస్తూ మాట్లాడుకోవచ్చు" అంది. పనికి వేసుకెళ్ళే బూట్లు తొడుక్కుంది.

పొద్దున వాన పడి వెలిసింది. ఆకులన్నీ నీళ్ళు కారుస్తున్నాయి. కార్లు దిగి అడవి దారిలో పడ్డాం. అబ్బాయి ముందు, యంత్రాన్ని హారతి పళ్ళెంలాగా రెండు చేతులా ఎత్తి పట్టుకుని. వెనక వాళ్ళమ్మ, ఆ వెనక పిల్లా నేనూ, అందరికన్నా వెనక మోకాళ్ళు పట్టుకుంటూ మా ఆయన. నడుస్తూ మాట్లాడుకుంటారని కదా వచ్చింది! ఆ అబ్బాయి ఒక్కసారి వెనక్కి తిరిగితే ఒట్టు.

కొంచెం దూరం పోయాక దారి ఎడమకి వంపు తిరిగింది. యంత్రంలో బాణం మాత్రం తిన్నగా ముళ్ళపొదల్లోకి చూపిస్తోంది. అబ్బాయిగారు పొదల్లోకే దిగాడు.

"దారి కూడా అటే తిరుగుతోందండీ, కాస్త చుట్టైనా ఈజీగా వెళ్ళొచ్చు" అంది పిల్ల.

"యారో ఇటు చూపిస్తోంది" అన్నాడు.

పక్షికైతే ఆ బాణం సరిపోతుంది. చీర కట్టుకున్న అరవయ్యేళ్ళ మనిషికి సరిపోదు. వాళ్ళమ్మ కుచ్చిళ్ళు ముళ్ళకి చిక్కుకుని చర్రుమన్నాయి. "అమ్మా, కేర్‌ఫుల్" అన్నాడు, తల తిప్పకుండానే. పిల్ల వంగి ఆవిడ చీర ఒక్కో ముల్లూ తప్పించి విడదీసింది. ఆవిడ థాంక్స్ చెప్పలేదు. "మావాడు లక్ష్యం పెట్టుకుంటే పక్క చూపులు చూడడు" అంది. కన్నతల్లి చీర చిరిగితే చూడకపోవడం కూడా గొప్పేనని ఆ రోజే తెలిసింది నాకు.

చివరికి ఒక చోట ఆగాడు. అటుపక్క మెట్టలాగా లేచిన గట్టు, పైన దట్టంగా చెట్లు. యంత్రం సున్నా చూపిస్తోందట. "ఇదే స్పాట్. అక్యురసీ మూడు మీటర్లు" అంటూ మడమతో ఆకుల్లో గుండ్రంగా గీత గీశాడు. "ఈ సర్కిల్ లోపలే ఉంటుంది. బయట ఉండే చాన్సే లేదు. అందరూ లోపలే వెతకండి."

లక్ష్మణరేఖ గీసినవాడు కూడా అంత ధీమాగా గీసి ఉండడు.

మేమంతా అందులో దిగాం. పెళ్ళిలో బిందెలో ఉంగరం వేసి పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ వెతకమంటారే, అలా ఉంది అందరి చేతులూ ఆ కాస్త జాగాలో కెలుకుతుంటే. తలలు తగులుకుంటున్నాయి. నేను ఎత్తిన ఆకు కింద ఆవిడ చూస్తోంది, ఆవిడ ఎత్తిన పుల్ల కింద నేను చూస్తున్నాను. రెండు నల్ల పురుగులూ ఒక చాక్లెట్ కాగితమూ దొరికాయి. ఎవరమైనా గీత దాటి చెయ్యి పెడితే, "ఆంటీ, అవుట్‌సైడ్ వద్దు" అంటాడు. అక్కడ గీత దాటి చూడాలని ఎవరికీ తోచలేదని కాదు, పెళ్ళికొడుకు గీసిన గీత ఎలా దాటతాం?

కాసేపటికి మా ఆయన మోకాళ్ళు మొరాయించాయి. మన హాలంత దూరంలో ఒక చెట్టు దుంగ పడి ఉంటే వెళ్ళి దానిమీద కూర్చున్నారు. నేను మంచినీళ్ళ సీసా పట్టుకుని వెళ్ళాను. వెళ్ళేసరికి ఆయన మొహం ఏదోలా ఉంది. కళ్ళు కిందకి తిప్పారు. దుంగ కింద బెరడు ముక్కలు పక్కపక్కన పేర్చి ఉన్నాయి, ఎవరో చేత్తో సర్దినట్టు. గాలికి రాలిన బెరడు అలా వరసలో పడదు. వాటి సందులోంచి ఎర్రటి మూత కనబడుతోంది.

"ఏవండీ, అది..."

"ష్! చూశాను."

"చూస్తే చెప్పరేం?"

"అబ్బాయి కనుక్కోవాలి. మనం కనుక్కుంటే వాళ్ళమ్మ ఎదుట ఆయన పరువేం కాను?"

"అయితే ఏం చేస్తారు? కోడిపెట్టలాగా దానిమీద కూర్చుని పొదుగుతారా?"

"నువ్వెళ్ళు. నేను మెల్లగా ఆయన్నే ఇటు రప్పిస్తాను."

రెయిన్‌కోటు తీసి ఆ మూత మీద కప్పేశారు. మన జాతిలో తప్ప ఇంకెక్కడైనా జరుగుతుందా ఇది? వెతుకుతున్న వస్తువు దొరికితే దాన్ని మళ్ళీ దాచడం! అదీ వెతుకుతున్నవాడి మర్యాద కోసం!

తర్వాత మొదలైంది రప్పించే కార్యక్రమం.

"బాబూ, ఒకసారి ఇలా వచ్చి ఈ దుంగ చూడండి, ఎంత పాతదో!"

"యూ రిలాక్స్ అంకుల్."

"ఇక్కడ పుట్టగొడుగులు కూడా ఉన్నాయండీ, చిత్రంగా ఉన్నాయి."

"అంకుల్, అది తొమ్మిది మీటర్లు ఆఫ్. అక్కడ ఉండే ప్రశ్నే లేదు."

మా ఆయన దగ్గారు. దుంగ మీద తట్టారు. పాపం, కాలితో నేలని కూడా రెండుసార్లు తన్నారు. ఆ మేధావి యంత్రాన్ని ఆకాశానికి ఎత్తి పట్టుకుని, అటొక అడుగు ఇటొక అడుగు వేస్తూ, పిచుక కోసం ధ్వజస్తంభం చుట్టూ తిరిగే పిల్లాడిలాగా ఆ గుండ్రంలోనే తిరుగుతున్నాడు. ఎదురుగా అరవయ్యారేళ్ళ మనిషి కళ్ళతో, దగ్గుతో, కాలితో చెప్తున్నాడు. చేతిలో ప్లాస్టిక్ ముక్క చెప్పలేదు కాబట్టి లేదు.

పిల్ల తన ఫోన్ తీసి చూసింది. "నా ఫోన్‌లో ఆ గట్టు వైపు చూపిస్తోందండీ."

"ఫోన్లు టాయ్స్. ఇది ప్రొఫెషనల్ డివైస్."

"మూడు మీటర్లంటే ఏంటి దాంట్లో?"

"అక్యురసీ. మూడు మీటర్ల లోపల గ్యారంటీ."

"గ్యారంటీ అని అది అనదేమో. దాని అంచనా కదా?"

"సేమ్ థింగ్."

"ఒకటి కాదండీ. పైన చెట్లున్నాయి, పక్కన గట్టుంది. సిగ్నల్ తిన్నగా రాదు. పైగా డబ్బా పెట్టినవాళ్ళు కూడా ఇలాంటి దాంతోనే కొలిచి ఉంటారు. వాళ్ళకీ అంతో ఇంతో తేడా వచ్చుంటుంది. మీది ఒక పక్కకీ వాళ్ళది ఇంకో పక్కకీ తప్పితే, రెండూ కలుస్తాయి కదా. కొంచెం బయట కూడా చూద్దామా?"

ఎంత నెమ్మదిగా అడిగిందో! నవ్వుతూనే అడిగింది. ఆయనగారు కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తే. పనిమనిషి ఇంగ్లీషు మాట్లాడితే కొందరు నవ్వుతారే, ఆ నవ్వు.

"మీ ప్లాంట్ గేజ్‌లు మీకు బాగా తెలిసే ఉంటాయి. ఇవి శాటిలైట్స్. డిఫరెంట్ లీగ్."

వాళ్ళమ్మ అందుకుంది. "వాడికి తెలియకనా అమ్మాయ్? వాడు చెప్పిన చోటే వెతుకు."

పిల్ల మళ్ళీ వంగి ఆకులు కదపడం మొదలుపెట్టింది. నాకు మాత్రం చేతిలో ఉన్న పుల్ల విరిచేయాలనిపించింది. విరిచాను కూడా.

ఈ యంత్రం సంగతి తర్వాత పిల్లనే అడిగి తెలుసుకున్నాను. నా చదువు అంతంత మాత్రం, అయినా నాకే తలకెక్కింది. ఆ మూడు మీటర్లన్న అంకె యంత్రం తన గురించి తాను చెప్పుకునే మాట. మన చుట్టాలు ఫోన్ చేసి "పది నిమిషాల్లో వచ్చేస్తున్నాం" అంటారే, అలాంటిది. అబద్ధమేం కాదు, ఒకోసారి వచ్చేస్తారు కూడా. ఇంకోసారి ఆ మాట అనేటప్పటికి ఇంకా స్నానం గదిలోనే ఉంటారు. ఆ గుండ్రం లోపల ఉండటం రెండింట ఒకసారో, మూడింట రెండుసార్లో జరుగుతుందట. మిగతాసార్లు బయటే. తడి ఆకుల కింద, గట్టు పక్కన అయితే ఇంకా బయట. తెలిసినవాళ్ళు ఏం చేస్తారంటే, కాస్త దూరం వెనక్కి వెళ్ళి, తిన్నగా మళ్ళీ నడిచొచ్చి, ఎక్కడ సున్నాకి దగ్గరవుతుందో చూస్తారు. ఇంకో పక్క నుంచి కూడా అలాగే వస్తారు. ఆ చుట్టుపక్కలకి చేరాక యంత్రాన్ని జేబులో పెట్టేసి, కళ్ళు తెరుస్తారు. నేను దాచాల్సి వస్తే ఎక్కడ దాస్తాను అని ఆలోచిస్తారు. చదువుకున్నవాడికి ఇది చెప్పడానికి ఒకరు కావాలా? చెప్పారు కూడా. వినడానికే మనిషి లేడు.

చివరికి విసుగొచ్చి ఫోన్ తీశాడు. "మిస్సింగ్. డబ్బా ఇక్కడ లేదు. రిపోర్ట్ చేసేస్తున్నా" అంటూ టైప్ చేస్తూ మాకు గట్టిగా వినిపించాడు. అన్నీ ఇంగ్లీషులోనే. పిల్ల నా చెవిలో తెలుగు చేసి చెప్పింది. డబ్బా లేదని, పెట్టినవాళ్ళు దాన్ని పట్టించుకోవడం లేదని, ఇలాంటి బాధ్యత లేని మనుషులు ఈ ఆటలోకి రాకూడదని, దీన్ని జాబితాలోంచి తీసేయాలని రాశాడట. ముక్కూ మొహం తెలియని మనిషి మీద, కోటు కింద భద్రంగా ఉన్న డబ్బా గురించి! పంపించేశాడు కూడా.

అప్పుడు పిల్ల అడిగింది.

"ఒకవేళ దొరికితే ఆ రాసింది తీసేస్తారా?"

"దొరికితే కదా."

"దొరికిందనుకోండి."

"దొరికినా వాళ్ళ కోఆర్డినేట్స్ రాంగ్ అన్నట్టే. తప్పు వాళ్ళదే. నేనెందుకు తీయాలి?"

పిల్ల తలూపింది. గేజ్ పరీక్షించేటప్పుడు కూడా అలాగే తలూపుతుందేమో. తిన్నగా మా ఆయన దగ్గరికి నడిచింది.

"పెదనాన్నా, లేవండి. తడిలో కూర్చున్నారు, నడుం పట్టేస్తుంది."

"ఫరవాలేదమ్మా, నాకిక్కడ హాయిగానే ఉంది."

"లేవండి పెదనాన్నా."

మా ఆయన నా వైపు చూశారు. నేను చెట్ల కొమ్మలు చూశాను. లేచారు. పిల్ల కోటు తీసి దులిపి ఆయన భుజం మీద వేసి, బెరడు ముక్కలు పక్కకి జరిపింది. ఎర్రమూత డబ్బా, ఆకుపచ్చ టేపు చుట్టి ఉంది. దాన్ని ముట్టుకోలేదు. "ఇదేనేమో చూడండి" అంది.

ఇక్కడ వేరే మనిషైతే నవ్వుతాడు. "అరె, ఇక్కడుందా!" అంటాడు. తల గోక్కుంటాడు. అంకుల్, మీరు దానిమీదే కూర్చున్నారా అని ఎగతాళి చేస్తాడు. మేమంతా కడుపుబ్బ నవ్వుకుని ఇంటికొచ్చేవాళ్ళం, ఈపాటికి మీరంతా ఆ పెళ్ళి భోజనం తిని ఉండేవాళ్ళు. ఒక్క నవ్వు చాలు.

ఆయనగారు వచ్చి డబ్బాకి నిలువుగా పైన యంత్రం పెట్టి చూశాడు. మొహం వెలిగిపోయింది.

"చూశారా? తొమ్మిది మీటర్లు! తొమ్మిది మీటర్లు రాంగ్‌గా పెట్టాడు."

"నేను చెప్పలా, మావాడి లెక్క తప్పదని" అంది వాళ్ళమ్మ.

పిల్ల ఆ యంత్రంలోకి తొంగి చూస్తూ నిలబడింది. నేనూ తొంగి చూశాను. తొమ్మిది కాస్తా ఆరయింది. కాసేపుండి పదకొండయింది. మళ్ళీ ఎనిమిది.

"మీరు కదల్లేదండీ. అదే కదులుతోంది" అంది పిల్ల.

"సిగ్నల్ వీక్ ఇక్కడ" అన్నాడు.

అదే కదా నాయనా పిల్ల ఇందాకట్నుంచీ మొత్తుకుంటున్నది! నాలుక చివరిదాకా వచ్చిన మాట మింగేశాను. డబ్బా తెరిచి, కాగితం మీద పెద్ద అక్షరాలతో తన పేరు రాసుకున్నాడు. మీరు కూడా రాస్తారా అని ఎవర్నీ అడగలేదు. దుంగ మీద ఇంతసేపూ తడిసిన మనిషిని కూడా. ఫోన్‌లో రాసిన మాటలు తీశాడా అంటే, తీయలేదు. "కోఆర్డినేట్స్ రాంగ్" అని ఇంకో ముక్క కింద తగిలించాడు.

ఇంటికొచ్చి టీ తాగారు. ఆవిడకి బొట్టు పెట్టి, తాంబూలంలో జాకెట్టు ముక్క పెట్టిచ్చాను. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"మావాడికి అమ్మాయి నచ్చింది వదినగారూ. కాస్త ప్రశ్నలు ఎక్కువ. పెళ్ళయ్యాక అవే తగ్గుతాయి లెండి."

"అవునండీ" అన్నారు మా ఆయన. అలవాటైపోయింది ఆయనకి.

కారు సందు చివర మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూ నిలబడ్డారు. లోపలికి వచ్చి, తడి సాక్సులు విప్పుకుంటూ, పిల్లతో మెల్లగా అన్నారు.

"చిన్న చిన్న విషయాలమ్మా. మనిషి చెడ్డవాడు కాదు. తాగుడు లేదు, తిరుగుడు లేదు. కాస్త పట్టుదల ఎక్కువ, అంతే. మనం కొంచెం సర్దుకుపోతే..."

"మీరు ఈ రోజు సర్దుకుపోయారు కదా పెదనాన్నా. ఎలా ఉంది?"

ఆయన రెండో సాక్సు విప్పడానికి వంగారు.

"మీరు డబ్బా చూశారని నాకు అప్పుడే తెలుసు. మీ దగ్గు నాకు తెలియదా? మీకు మోకాళ్ళు నొప్పి, తడి. అయినా కదల్లేదు, ఆయన చిన్నబుచ్చుకుంటాడని. మీరంటే ఒక్క మధ్యాహ్నం కూర్చున్నారు. నేను ఎన్నేళ్ళు కూర్చోవాలి?"

ఆయన చేతిలో సాక్సు అలాగే ఉండిపోయింది.

"ఆ యంత్రం తప్పు చూపించిందని కాదు పెదనాన్నా. యంత్రమన్నాక తేడా ఉంటుంది. మా ప్లాంట్‌లో తేడా లేని గేజ్ ఒక్కటి లేదు. ఎంత తేడా ఉందో తెలిస్తే దాంతో పని చేసుకోవచ్చు. ఈయనతో అది కుదరదు. నేను కాదు అంటున్నాను."

నేను స్టవ్ మీంచి అన్నం దించేసి వచ్చి పిల్ల పక్కన కూర్చున్నాను. నా వంతు మాట నేను చెప్పాను. ఆ అబ్బాయిని తిట్టడానికి నాకు తెలిసిన మాటలన్నీ చెప్పాను. ఇక్కడ చెప్పను, పిల్లలు వింటారు. పనిలో పనిగా మా ఆయన్ని కూడా నాలుగు తగిలించాను. మగపెళ్ళివారంటూ, మర్యాదంటూ, కళ్ళెదుట ఉన్నదాన్ని కోటుతో కప్పే మగాళ్ళు ఉన్నంతకాలం ఇలాంటి మేధావులు తామరతంపరగా పుడుతూనే ఉంటారన్నాను. వాళ్ళు గీసే గీతల్లో మనం వంగుని వెతుకుతూనే ఉంటామన్నాను.

మర్నాడు పొద్దున ఇండియాకి ఫోన్ కలిపాం. స్పీకర్‌లో పెట్టాం. పిల్ల తనే చెప్పింది, "నాకు వద్దమ్మా" అని. నేననుకున్నట్టే మా చెల్లెలు ఏడుపందుకుంది.

"ఏమే, అంత మంచి సంబంధం! ఏదో డబ్బా దొరక్కపోతే పెళ్ళి మానేస్తారటే ఎవరైనా? అక్కా, నువ్వైనా చెప్పవే!"

మా మరిది ఫోన్ లాక్కున్నాడు. "అన్నయ్యగారూ, మీరు అక్కడే ఉన్నారుగా? ఇంత చిన్న విషయానికి వద్దంటోందేమిటి? మీరు చెప్పండి, అబ్బాయిలో ఏమన్నా లోపం ఉందా?"

నేను మా ఆయన వైపు చూశాను. ఆ మనిషి ముప్ఫయ్యేళ్ళుగా ఏ పెళ్ళివారి గురించీ ఒక్క మాట చెడుగా అనలేదు. మా సొంత కూతురి పెళ్ళిలో వియ్యంకుడు భోజనాల దగ్గర అలిగితే రెండు చేతులూ పట్టుకుని బతిమాలుకున్న మనిషి. గొంతు సవరించుకున్నారు.

"చిన్న విషయం కాదు" అన్నారు. "ఆ డబ్బా నా కాళ్ళ కిందే ఉంది. నేను చూశాను. చూసి కూడా చెప్పలేదు, ఆయనకి కోపమొస్తుందేమోనని. నేను చెప్పలేకపోయిన చోట మీ పిల్ల రేపు ఏం చెప్పగలదు? ఒక్క మాట అడిగితేనే నవ్వారు దాన్ని చూసి. నా ఎదురుగా నవ్వారు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ ఇంటికి పిల్లనివ్వొద్దు. నేనే చెప్తున్నాను, వద్దు."

మా మరిది, "మీరే అంటున్నారంటే..." అన్నాడు. ఆ వాక్యం పూర్తి చేయలేదు. మా చెల్లెలు ముక్కు చీదుకోవడం వినబడింది. మధ్యవర్తి ఆవిడకి కూడా ఆ రోజే ఆయనే ఫోన్ చేసి, నీళ్ళు నమలకుండా చెప్పేశారు. ఆవిడ మిస్సిసాగాలో పదిమందికి ఏమని చెప్పిందో నాకు తెలుసు. ఆడపిల్లకి పొగరని చెప్పింది. చెప్పుకోనివ్వండి. ఆ అబ్బాయికి ఏం చెప్పారో తెలియదు. ఏం చెప్పినా తప్పు తనదని మాత్రం అనుకుని ఉండడు.

పిల్ల డ్యూటీకి టైమైందని లేచింది. వెళ్తూ వెళ్తూ ఆయన భుజం మీద చెయ్యి వేసి ఒక క్షణం ఆగింది, అంతే.

ఇదీ సంగతి. ఇంతసేపూ చెవి ఒగ్గి విన్నారు, చల్లగా ఉండండి. మీ పొయ్యి మీద పాలు పొంగాలి, మీ గుమ్మంలో చెప్పులు నిండుగా ఉండాలి. మీ ఇంటి ఆడపిల్లలు నోరు విప్పి అడిగితే, నవ్వి తీసిపారేయకుండా, "ఏమో, చూద్దాం పద" అనే మనుషులే మీ ఇంటికి అల్లుళ్ళుగా రావాలి. అలాంటివాళ్ళు దొరక్కపోతే ఆ పిల్లలు మీ ఇంట్లోనే మహారాణుల్లాగా ఉండాలి. మీ ఇల్లు పదికాలాల పాటు పచ్చగా ఉండాలి.